గునుగు పీకేయాలా, ఉంచుకోవాలా?

హనుమకొండ నుంచి ఒక చెల్లి రాసింది. పేరు, కాలనీ పేరు వేయొద్దని కోరింది. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమె వయసు 47. ఇంటి వెనక 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు మట్టి నేల ఉంది. ఒక మూల కరివేపాకు చెట్టు, పందిరి మీద సొర, బీర తీగలు, నాలుగు వంగ మొక్కలు. మిగిలిన నేలంతా గునుగు, చేన్లలో కలుపుగా మొలిచే, బతుకమ్మకు పేర్చే పువ్వు. ఎవరూ విత్తనం చల్లలేదు. మొదటి ఏడు పది పదిహేను మొక్కలు వచ్చాయి. పోయిన ఏడు సగం పెరడు నిండింది. ఈసారి తొలకరికి నారు పోసినట్టు మొలిచింది. ఇప్పుడు శ్రావణం. మొక్కలు నడుమెత్తుకు వచ్చి, వెన్నులు గులాబీ రంగు తిరుగుతున్నాయి. “పొద్దున టీ గ్లాసు పట్టుకొని నిలబడితే తేనెటీగలు, సీతాకోకచిలుకలు, పేరు తెలియని చిన్న చిన్న పురుగులు. ఇన్ని ప్రాణాలు మా ఇంటికి ఎప్పుడూ రాలేదు అక్కా” అని రాసింది.

ఆ సంతోషం ఇంట్లో ఆమె ఒక్కదానిదే. కూతురి ఎంగేజ్‌మెంట్ కార్తీకంలో పెట్టుకున్నారు. చుట్టాలు వచ్చేలోగా పెరడంతా టైల్స్ వేయించాలని భర్త మేస్త్రీతో మాట్లాడాడు. అంతలోపు గడ్డి మందు కొడితే రెండు రోజుల్లో శుభ్రమైపోతుందని అంటున్నాడు. అత్తమ్మ “చేన్ల పీకి పారేసే గడ్డిని ఇంట్ల పెంచుడేంది బిడ్డా” అంటోంది. పక్కింటి పెద్దమ్మ గోడ మీది నుంచి రోజూ ఏదో ఒకటి అంటూనే ఉంది. పాములు వస్తాయట, దోమలు పెరుగుతాయట, తన మూడేళ్ల మనవణ్ణి తేనెటీగలు కుడతాయట, తన మల్లె కుండీల్లో కూడా గునుగే మొలుస్తోందట. పుణెలో ఉద్యోగం చేస్తున్న కొడుకు, తేనెటీగల కోసమే అయితే ఇదెందుకని ఆన్‌లైన్‌లో ‘వైల్డ్ ఫ్లవర్ మిక్స్’ విత్తనాల పాకెట్ పంపాడు. ఇంత పువ్వు పూస్తున్నా సొర పిందెలు మాత్రం పసుపు రంగు తిరిగి రాలిపోతున్నాయి. “తేనెటీగలు వస్తే కాయలు కాస్తాయన్నావు కదా” అని ఇంట్లో దెప్పుతున్నారు.

ఇదంతా అయ్యాక, ఉత్తరం అడుగున ఇలా రాసింది: “ఈ గునుగు మా అమ్మది. సద్దుల బతుకమ్మ కోసం నర్సంపేట దగ్గరి మా ఊరి నుంచి బస్సులో మూట కట్టుకొని తెచ్చింది. పేర్చగా మిగిలిన కట్టలు గోడ పక్కన ఎండి గింజలు రాలినయి. ఆ సంక్రాంతికి అమ్మ పోయింది. పీకేయాలా అక్కా, ఉంచుకోవాలా? నేను మొండికి పోతున్నానా?”

చెల్లీ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే అంటాను.

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు మొక్కల గురించి అనుకున్నాను. చివరి వాక్యాలు చూశాక మళ్లీ మొదటి నుంచి చదివాను. ఒక సంగతి కోసం వెతికాను, దొరకలేదు. ఇది అమ్మ తెచ్చిన గునుగు అని ఇంట్లో ఎవరికైనా చెప్పావా? మీ ఆయనకు తేనెటీగల గురించి చెప్పావు. అత్తమ్మకు పువ్వు అందం గురించి చెప్పావు. కొడుక్కి ఏం చెప్పావో గానీ వాడు విత్తనాల పాకెట్ పంపాడంటే వాడికీ తెలియదనే అనుకుంటున్నాను. వాళ్లందరూ తేనెటీగలకు జవాబు చెబుతున్నారు. నీకు మాత్రం అమ్మ మూటను విసిరేయమన్నట్టు వినబడుతోంది. అందుకే మేస్త్రీ పేరెత్తితే నీకు ఏడుపు వస్తోంది, ఎందుకు ఏడుస్తున్నావో వాళ్లకు అర్థం కావడం లేదు. నువ్వు మొండికి పోతున్నావని నేననను. అసలు మాట ఇంకా బయట పెట్టలేదని మాత్రం అంటాను.

ఇప్పుడు గునుగు దగ్గరికి వద్దాం. నేను చిన్నప్పుడు మక్క చేన్లలో గునుగు పీకిన దాన్నే. వానలు పడ్డాక ఇరవై రోజులకు కలుపు మొదలయ్యేది. గునుగు, గరిక, తుంగ పీకి పీకి వేళ్ల సందులు పచ్చబడేవి. కానీ మా అమ్మ ఒక గీత గీసింది. చేన్లో గునుగు ఒక్కటి కూడా మిగలొద్దు, గట్టు మీది గునుగు జోలికి పోవద్దు. ఎందుకని అడిగితే “పెత్రమాసకు ఏం పేరుస్తవే?” అనేది. ఆ మాట అమ్మ ఒక్కదానిదే కాదు, మా చుట్టుపక్కల చేన్లన్నిటికీ అదే రివాజు. ఆషాఢంలో తిట్టుకుంటూ పీకిన మొక్కనే భాద్రపద అమావాస్యకు కొంగు పరిచి కోసుకొచ్చేవాళ్లం. తంగేడు, గునుగు లేకుండా బతుకమ్మ లేదు కదా. వెన్నులకు రంగులద్ది వరస పేర్చే పని ఇప్పటికీ నాకు ఇష్టమైన పని.

మీ అత్తమ్మ మాట్లాడేది చేను మాట. నువ్వు మాట్లాడేది గట్టు మాట. రెండూ నిజమే. ఇబ్బంది ఏమిటంటే మీ పెరట్లో గట్టు లేదు, మొత్తం చేనే అయిపోయింది. రెండేళ్లు దానంతట దాన్ని వదిలేశావు కాబట్టి అది తన పని తాను చేసింది. ఒక్క వెన్నులో వందల గింజలుంటాయి. ఆవగింజ కంటే చిన్నవి, నల్లగా నిగనిగలాడుతుంటాయి. వెన్ను కింది నుంచి పైకి పూస్తుంది. కొన ఇంకా గులాబీ రంగులో ఉండగానే అడుగు భాగం తెల్లబడి, అక్కడి గింజలు ముదిరి రాలడం మొదలవుతుంది. అది గమనించక “ఇంకా పూస్తోంది కదా” అని అలాగే ఉంచుతాం. వచ్చే ఏటి పంట అప్పటికే నేలలో పడి ఉంటుంది.

పక్కింటి పెద్దమ్మ చెప్పిన నాలుగింటిలో ఒకటి పూర్తిగా నిజం, ఒకటి సగం నిజం. కుండీల్లో మొలకలు రావడం పూర్తిగా నిజం, దానికి బాధ్యత నీది. రెండాకుల మొలకను పీకడం నిమిషం పని, ఆ నిమిషం ఆమెది కాకూడదు. జూన్, జూలైలో వారానికోసారి వెళ్లి నువ్వే ఆ కుండీలు చూసి వస్తే చాలా మాటలు తగ్గుతాయి.

సగం నిజం పాముల సంగతి. పాము పువ్వు కోసం రాదు, ఎలుక కోసం, కప్ప కోసం వస్తుంది. కానీ గోడను ఆనుకొని దట్టంగా పెరిగిన చోట, కింద ఇటుకలో కట్టెలో పడి ఉంటే దాక్కోవడానికి దానికి చోటు దొరుకుతుంది. మన ప్రాంతంలో ఈ భయాన్ని తీసిపారేయకూడదు. గోడ వెంట అడుగు వెడల్పున ఏమీ లేకుండా ఉంచు, పాత ఇటుకలుంటే తీసేయించు, చీకటి పడ్డాక టార్చి లేకుండా పెరట్లోకి దిగకు.

దోమలకూ గునుగుకూ సంబంధం చాలా తక్కువ. దోమ గుడ్లు పెట్టేది నిలిచిన నీళ్లలో. పగలు మొక్కల నీడలో వాలుతుంది, అంతే. కుండీల కింది పళ్లాలు, కూలర్ తొట్టి, మూతలేని డ్రమ్ము వారానికోసారి ఖాళీ చేస్తే రెండిళ్లకూ మేలు. ఇక తేనెటీగలు. పూల మీద తిరిగే తేనెటీగ తిండి పనిలో ఉంటుంది. దాన్ని చేత్తో నొక్కితేనో, చెప్పులు లేని కాలు దాని మీద పడితేనో కుడుతుంది. అది పోట్లాడేది తన తుట్టె దగ్గర. కాబట్టి మీ చూరు కింద, కరివేపాకు కొమ్మల్లో తుట్టె ఏమన్నా ఉందా అని ఒకసారి చూడు. జుంటి తేనెటీగలు పొదల్లో చిన్న తుట్టె పెడతాయి. పిల్లాడు తిరిగే గోడవైపు కాకుండా పూలను ఇవతలికి జరిపితే ఆమెకూ ధైర్యంగా ఉంటుంది. ఒక్కటి మాత్రం పెద్దమ్మను తప్పకుండా అడుగు: ఆ పిల్లాడికి ఇంతకుముందు తేనెటీగో కందిరీగో కుడితే ఒళ్లంతా దద్దుర్లు రావడం, ఊపిరి ఆడకపోవడం జరిగిందా అని. జరిగి ఉంటే ఇక వాదన లేదు. డాక్టరు చెప్పినట్టు నడుచుకోవాలి, పూలు ఆ గోడకు దూరంగా ఉండాలి.

ఆమె కళ్లకు గునుగు, వయ్యారిభామ ఒకటిగానే కనబడుతున్నాయేమో కూడా చూడు. 1950ల్లో మన దేశంలో పుణె దగ్గర మొదట గుర్తించిన ఆ వయ్యారిభామ ఇప్పుడు మన ప్రతి ఖాళీ ప్లాటులో ఉంది. దాంతో చర్మం దురద, ఆయాసం వచ్చేవాళ్లున్నారు. మీ గోడ బయట అది ఉంటే పూత రాకముందే చేతికి తొడుగు వేసుకొని పీకెయ్యి. గునుగు ఆ జాతి కాదు, తోటకూర కుటుంబం.

తోటకూర అన్నాను కాబట్టి అత్తమ్మ సంగతి కూడా ఇక్కడే చెబుతాను. గునుగు లేత ఆకు కూర వండుకునేవాళ్లం, ఆమె వయసు వాళ్లకు తెలిసే ఉంటుంది. పశ్చిమ ఆఫ్రికాలో, నైజీరియాలో, ఇదే మొక్కను ఆకుకూరగా పనిగట్టుకొని పండిస్తారు. వచ్చే వానకాలం మొలకలు పలుచన చేయాల్సి వస్తుంది కదా, ఆ పీకిన లేత మొలకలు ఒక దోసెడు ఆమె చేతిలో పెట్టి “ఎట్ల వండుతరు అత్తమ్మా?” అని అడుగు. పెంచడానికి అనుమతి అడగడం కంటే వంట అడగడం సులువు. మందు కొట్టిన చేనుది, రోడ్డు పక్కది మాత్రం కూరకు వద్దు.

సొర పిందెల సంగతిలో మీ ఇంటివాళ్లు నిన్ను అన్యాయంగా దెప్పుతున్నారు, కానీ నువ్వు ఇచ్చిన మాట కూడా సరైనది కాదు. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, తెల్లవారాక వాడిపోతుంది. దాని దగ్గరికి వచ్చేవి ఎక్కువగా రాత్రి తిరిగే రెక్కల పురుగులు, పగటి తేనెటీగలు కావు. బీర కూడా పొద్దు వాలాకే విచ్చుకుంటుంది. నీ గునుగు మీద పొద్దున వాలే తేనెటీగలు దోసకు, గుమ్మడికి, కాకరకు పనికొస్తాయి, ఎందుకంటే అవి పొద్దున పూస్తాయి. వంగ ఇంకో రకం. దాని పుప్పొడి ఊరికే రాలదు, తుమ్మెదలో, పొట్ట మీద నీలి చారలుండే తేనెటీగలో పువ్వును పట్టుకొని గుయ్యిమని వణికిస్తే బాగా రాలుతుంది. ఆ నీలి చారలది, ఇంకా ఒంటరిగా బతికే చాలా తేనెటీగలు గూడు పెట్టేది మట్టిలోనే. తుమ్మెద ఎండిన కట్టెలో తొలుచుకుంటుంది. పెరడంతా టైల్స్ వేస్తే పువ్వు ఒక్కటే పోదు, వాటి ఇల్లు కూడా పోతుంది. మీ ఆయనతో తేనెటీగల గురించి మాట్లాడాలనుకుంటే ఈ మాట చెప్పు.

ఇప్పుడు నీ ముందు ఉన్న దారులు చూద్దాం.

అంతా పీకేయడం ఒక దారి. అది తప్పని నేననను. ఇంట్లో శాంతి కూడా ముఖ్యమే, కూతురి పని ముందుంది. కానీ పీకినంత మాత్రాన గునుగు పోదు. రెండేళ్లుగా రాలిన గింజలు నేలలో ఉన్నాయి, టైల్స్ వేయకపోతే వచ్చే తొలకరికి మళ్లీ మొలుస్తుంది. టైల్స్ వేస్తే మొలవదు గానీ వేసవిలో ఆ నేల ఎలా కాలుతుందో, వాన నీళ్లు ఎటు పోతాయో ఆలోచించుకోవాలి. ఇంకొకటి, ఈ కోపంలో పీకితే బతుకమ్మ వచ్చిన ప్రతిసారీ బజారులో గునుగు కట్ట కొంటూ నువ్వు లోపల ఏమనుకుంటావో నాకంటే నీకే బాగా తెలుసు. ఈ దారిలోనే పోవాలనుకుంటే పెత్రమాస దాకా ఆగి, కోసి, పేర్చి, నీ చేత్తో సాగనంపి అప్పుడు పీకు. మేస్త్రీకి అది నెల ఆలస్యం, అంతే.

గడ్డి మందు మాత్రం ఏ దారిలోనూ వద్దు. అదే నేలలో మీ సొర, వంగ ఉన్నాయి, గోడవతల పిల్లాడున్నాడు. గ్లైఫోసేట్ అనే గడ్డి మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరేవాళ్లు వాడకూడదని 2022లో కేంద్ర ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు లేకపోయినా పెరట్లోకి ఆ మందు రానివ్వొద్దనే చెప్పేదాన్ని. వాన పడిన మర్నాడు గునుగు చేత్తో లాగితే వేరుతో సహా వచ్చేస్తుంది. ఇప్పుడు గట్ల మీద కూడా ఈ మందులు కొడుతున్నారు. మన పండుగ పువ్వు కోసం మగవాళ్లు బండ్లేసుకొని ఊళ్లు దాటి పోవాల్సి వస్తోందంటే అదొక కారణం. ఈ విషయంలో నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఉన్నది ఉన్నట్టు వదిలేయడం రెండో దారి. ఈ ఏడు కన్నుల పండుగగా ఉంటుంది. వచ్చే ఏడు పందిరి కింద, వంగ మొక్కల మధ్య, పక్కింట్లో, అన్నిచోట్లా గునుగే. మీ ఆయనకు గొడవ పెట్టుకోవడానికి ఇంకో ఏడాది బలం దొరుకుతుంది. పైగా గునుగు వేళ్లకు నులిపురుగులు పడతాయి, వేరు మీద బుడిపెలు కడతాయి. అవే వంగకు, టమాటాకు, బెండకు తగులుకుంటాయి. ఈసారి పీకినప్పుడు వేళ్లు కడిగి చూడు. బుడిపెలుంటే వచ్చే ఏడు ఆ చోట గునుగు, వంగ రెండూ వద్దు, బంతి వెయ్యి. బంతి ఆ పురుగును తగ్గిస్తుంది. ఇది తెలిశాక ఈ దారి నాకు నచ్చడం లేదు.

కుండీలు మూడో దారి. మీ ఆయన కోరినట్టు అంతా టైల్స్ వేసి, ఓ పది పెద్ద కుండీల్లోనో, రంగు డబ్బాల్లోనో గునుగు పెట్టుకోవచ్చు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, గింజలు ఊడ్చుకోవచ్చు, చుట్టాల రోజు పక్కకు జరుపుకోవచ్చు. కానీ కుండీ గునుగు గట్టు గునుగంత ఎదగదు, వాన లేని రోజు నీళ్లు పోయాలి, మట్టిలో గూడు పెట్టే తేనెటీగలకు చోటుండదు. ఫ్లాటులో ఉండేవాళ్లు ఎవరైనా నన్నడిగితే ఇదే చెబుతాను. నేల ఉన్న నీకు ఇది చివరి మాటగా మాత్రమే ఉంచుకో.

నాలుగోది గట్టు. మీ పెరడు వెడల్పు 12 అడుగులు. ఇంటివైపు 8 అడుగులు మీ ఆయనకు వదిలెయ్యి. పందిరినీ వంగనూ ఎటు జరపాలో ఆయనతో కూర్చొని చూసుకో. టైల్స్ వేస్తాడో, సందుల్లో ఇసుక పోసి పేవర్ బ్లాకులే వేస్తాడో ఆయన ఇష్టం. బ్లాకులైతే నీళ్లు కొంత ఇంకుతాయి. ఎంగేజ్‌మెంట్ రోజు వంటవాళ్లు కూర్చోవడానికి ఆ చోటు చాలు. మిగిలిన 4 అడుగుల్లో గోడ వెంట ఒక అడుగు కంకర పోయించు, ఏమీ మొలవకుండా. మధ్య 3 అడుగులు, 20 అడుగుల పొడవున నీ గట్టు. అంచుకు ఇటుకలు వరసగా పాతు. ఇటుకల లోపల మొలిచింది పువ్వు, బయట మొలిచింది కలుపు. ఆ ఇటుకల వరస చూస్తే పక్కింటి పెద్దమ్మకు కూడా ఇది పట్టించుకోక పెరిగిన గడ్డి కాదు, కావాలని పెంచుకున్న పువ్వు అని అర్థమవుతుంది.

ఈ దారిలో పని ఎక్కువ, అది దాచను. తొలకరి మొలకలు జానెడు కాకముందే అడుగుకొకటి ఉండేలా పలుచన చేయాలి. యాభై మొక్కలు మిగిలితే చాలు. ఎరువు వేయకు, బలమైన మట్టిలో ఆకు ఎక్కువై మొక్క పక్కకు పడిపోతుంది. ఎండ మాత్రం నిండుగా కావాలి. పెత్రమాస నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ వెన్నులు కోస్తూనే ఉండు. పండుగే దీనికి కలుపు తీత. కోసిన ప్రతి వెన్నుతో వచ్చే ఏటి మొలకలు వందల్లో తగ్గుతాయి. పదిహేను వెన్నులు మాత్రం చివరి వరకు ఉంచు. సద్దుల తర్వాత కూడా తేనెటీగలకు తిండి కావాలి, నీకు విత్తనం కావాలి. అవి ముదిరాక కాగితం మీద నలిపి, గింజలు ఎండబెట్టి డబ్బాలో పోసుకో. దీపావళి దాటాక మోళ్లు లాగెయ్యి.

ఆ ఖాళీ చోట ధనియాలు, మెంతులు, ఆవాలు చల్లు. కొంత కూరకు కోసుకొని కొంత పూతకు వదిలెయ్యి. కొత్తిమీర పూత మీద చలికాలం పొద్దున వాలే చిన్న తేనెటీగలను ఒక్కసారి చూస్తే ప్రతి ఏడూ చల్లుతావు. ఎండాకాలం వేప, కానుగ, మునగ ఆ పని చూసుకుంటాయి. తులసి ఎలాగూ ఉంటుంది. వానకాలంలో గట్టు అంచున తుమ్మి మొలిస్తే పీకకు, శివుడికీ పనికొస్తుంది, తేనెటీగకూ పనికొస్తుంది. సీతాకోకచిలుకకు తేనె ఒక్కటే చాలదు, పిల్ల పురుగుకు ఆకు కావాలి. నీ కరివేపాకు మీద పిట్ట రెట్టలా కనబడే పురుగు, తర్వాత పచ్చగా మారేది, అది నల్ల రెక్కల పెద్ద సీతాకోకచిలుక పిల్ల. నాలుగు రెమ్మలు దానికి వదిలెయ్యి. వేపనూనె కొట్టాల్సి వస్తే తేనెటీగలు వెళ్లిపోయాక సాయంత్రమే కొట్టు.

కొడుకు పంపిన పాకెట్ గట్టు మీద చల్లకు. అందులో ఏమున్నాయో పూర్తిగా తెలియదు. చల్లని దేశాల పూలైతే మన వానకు కుళ్లిపోతాయి, పట్టుకుంటే గునుగు కన్నా మొండివి కావచ్చు. బయటి నుంచి వచ్చినవన్నీ చెడ్డవని కాదు. మన బంతి పువ్వు మెక్సికో నుంచి వచ్చిందే. దారి పక్క గడ్డిచామంతిదీ అమెరికా ఖండమే, సీతాకోకచిలుకలు దాన్ని వదలవు. తెలియనిదాన్ని ముందు ఒక కుండీలో వేసి, ఒక కాలమంతా చూసి, ఆ తర్వాత నేలకు దించాలి. పిల్లవాడు ప్రేమతో పంపాడు. కుండీలో వేసి పూస్తే ఫొటో పంపు.

ఈ నాలుగు దారుల్లో గట్టు వైపు నా మనసు మొగ్గిందని నీకు అర్థమయ్యే ఉంటుంది. కానీ ఆ ఇంట్లో ఉండేది నువ్వు, ఆ నడుము నొప్పి నీది. పని చేయలేననుకుంటే 20 అడుగులు 8 అడుగులు చేసుకో. 8 అడుగుల గట్టు మీద కూడా ఒక బతుకమ్మకు సరిపడా గునుగు పూస్తుంది, తంగేడు బయటి నుంచి ఎలాగూ తేవాలి.

మీ ఆయనతో మాట్లాడేటప్పుడు తేనెటీగలతో మొదలుపెట్టకు. కొలతలతో కూడా వద్దు. “అమ్మ తెచ్చిన మూట గుర్తుందా?” అని అడుగు. బస్టాండు నుంచి ఆ మూట మోసుకొచ్చింది ఆయనే అయి ఉండొచ్చు. ఆ మాట విన్నాక కూడా అంతా టైల్సే అంటే అప్పుడు కొలతలు తీసి బేరం ఆడు. టైల్స్‌కు నువ్వు ఎనిమిది అడుగుల వెడల్పు అంటే ఆయన తొమ్మిదంటే ఒప్పుకో. విన్నాక ఆయనే మేస్త్రీకి ఫోన్ చేసి ఆగమంటే, పెరడంతా ఉంచుకుంటానని మాత్రం అనకు. ఆయనకూ బిడ్డ పని గురించి టెన్షన్ ఉంది, నలుగురిలో ఇల్లు బాగుండాలన్న ఆశ ఉంది. అది కూడా న్యాయమైన కోరికే. కూతురికి కూడా చెప్పు. అత్తారింటికి పోతూ అమ్మమ్మ గునుగు గింజలు ఒక చిన్న డబ్బాలో పట్టుకుపోతానంటుందేమో, అడిగి చూడు.

పక్కింటి పెద్దమ్మకు పెత్రమాస నాడు, ఎంగిలిపూల బతుకమ్మ రోజు పొద్దున్నే ఒక కట్ట ఇచ్చి రా, ఆమె అడగకముందే.

ఇవన్నీ మెల్లగా చేసుకోవచ్చు. సొర సంగతి మాత్రం ఈ సాయంత్రమే చూడు. ఆరు, ఏడు గంటల మధ్య పందిరి కిందికి వెళ్తే తెల్ల పూలు విచ్చుకొని ఉంటాయి. వెనక చిన్న పిందె ఉన్నది ఆడ పువ్వు, సన్నటి కాడ మాత్రమే ఉన్నది మగ పువ్వు. మగ పువ్వు కోసి, రేకులు వెనక్కి ఒలిచి, మధ్యనున్న పుప్పొడిని ఆడ పువ్వు మధ్యలో మెల్లగా అద్దు. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పూలకు వస్తుంది. అద్దిన పువ్వు కాడకు ఎర్ర దారం కట్టు, మూడు నాలుగు రోజుల్లో పిందె సాగుతోందో లేదో తెలుస్తుంది. దారం కట్టినది కూడా పసుపు తిరిగి, దాని మీద చిన్న కన్నం, జిగురు కనబడితే అది పండు ఈగ పని. అలాంటి పిందెలను నేల మీద వదలకుండా తీసి కవర్లో కట్టి పారెయ్యి.